కవర్ 3 నేర్పితే పిల్లలు కోన్ దగ్గరే ఆగిపోతున్నారు (అమెరికన్ ఫుట్‌బాల్, 11-12 ఏళ్లు, టాకిల్, 4-4)

కేరీ_నాన్న
నమస్తే అండీ. నార్త్ కరోలినాలో 11-12 ఏళ్ల టాకిల్ (మీద పడి పడేసే రకం ఫుట్‌బాల్) టీమ్. ముందు 4-4 (నలుగురు లైన్‌మెన్, వాళ్ల వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు), వెనక కవర్ 3 (లోతున ముగ్గురు తలా ఒక మూడో వంతు, ఎవరి జోన్ వాళ్లు కాయడం). పాస్ డిఫెన్స్ సంగతి నన్ను చూసుకోమన్నారు. రెండు చిక్కులున్నాయి.

లైన్‌బ్యాకర్లు చెప్పిన చోటికి బుద్ధిగానే వెళ్తున్నారు, అక్కడ పాతిన కోన్ దగ్గర ఆగిపోతున్నారు. నాలుగు యార్డుల అవతల రిసీవర్ తీరిగ్గా బంతి పట్టుకుంటుంటే చూస్తూ నిలబడుతున్నారు. ఇదేంట్రా అంటే "నా జోన్ ఇదే కదా కోచ్" అంటారు. ఇక కార్నర్లు, అంటే పక్కగీతల వైపు లోతున కాసేవాళ్లు. ముందు పడే చిన్న పాస్‌కి ఆశపడి పైకి వచ్చేస్తారు, నెత్తి మీంచి పొడుగు పాస్ పోతుంది.

ప్లేబుక్‌లో లైన్‌బ్యాకర్ డ్రాప్ (పాస్ అనగానే వెనక్కి వెళ్లే దూరం) 12 యార్డులు అని ఉంది. అదే నేర్పిస్తున్నాం. ఎక్కడ తేడా కొడుతోంది?

మూడోవంతు
ముందు ఆ 12ని 7 చేయండి. 12 యార్డులు అన్నది హైస్కూల్ పెద్ద తరగతులకీ కాలేజీకీ రాసిన లెక్క. అక్కడి క్యూబీ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్) 18 యార్డుల దూరానికి బంతిని సూటిగా కొట్టగలడు. మీ వయసు పిల్లల పాస్‌లు చాలావరకు 10 యార్డుల లోపే పడతాయి. లైన్‌బ్యాకర్ 12కి పరిగెడితే హిచ్ (కొద్ది దూరం పోయి ఆగేది), స్లాంట్ (లోపలికి వాలుగా పోయేది), ఫ్లాట్ (పక్కగీత వైపు దగ్గర్లో పట్టేది) అన్నీ వాడి ముందే ఉచితం.

4-4లో కవర్ 3 ఆడటానికి ఎవర్నీ జరపక్కర్లేదు, ఈ వయసుకి అది బాగా కలిసొచ్చే విషయం. నలుగురు లైన్‌మెన్ క్యూబీ మీదికి. బయటి లైన్‌బ్యాకర్లిద్దరూ కర్ల్-ఫ్లాట్ (పక్కల జోన్లు), లోపలివాళ్లిద్దరూ హుక్ (నడుమ జోన్లు). కార్నర్లిద్దరూ, నడుమ అందరికంటే వెనక ఉండే సేఫ్టీ కలిసి లోతున తలా ఒక మూడో వంతు. 11 సరిపోయింది.

ఇప్పుడు కోన్ సంగతి. మైదానం వెడల్పు 53 యార్డుల 1 అడుగు. కింద నలుగురికి పంచితే తలా 13 యార్డుల పైచిలుకు. మధ్యలో నిలబడ్డవాడు ఏ అంచుకి చేరాలన్నా 6-7 యార్డులు. 40 యార్డులు ఆరున్నర, ఏడు సెకన్లలో పరిగెత్తే పిల్లాడు నిలబడ్డచోటి నుంచి బయల్దేరి ఆ దూరం పోవాలంటే దాదాపు సెకనున్నర పడుతుంది. 8-10 యార్డుల పాస్ గాల్లో అంతసేపు ఉండదు. అంటే బంతి చెయ్యి వదిలాక కదిలినవాడు అంచున పడే పాస్‌ని ఎప్పటికీ అందుకోలేడు. క్యూబీ భుజాలు తిరిగినప్పుడే రెండు మూడు అడుగులు అటు జరిగి ఉండాలి, బంతిని పట్టుకున్న రెండు చేతుల్లో ముందుది విడిపోగానే దూకాలి. మీవాళ్లు ఆగిపోయేది బద్ధకంతో కాదు. ఎక్కడికెళ్లాలో చెప్పారు, ఎప్పుడు కదలాలో చెప్పలేదు.

జోన్ అంటే చోటు అని కాకుండా వరుస అని నేర్పండి. బయటి లైన్‌బ్యాకర్‌కి వరుస ఇది: వెనక్కి వెళ్తూ ముందు లోపలి రిసీవర్ని చూడాలి. వాడు నిటారుగా పైకొస్తుంటే వాడి దారికి లోపలి పక్కన ఉండి 12 యార్డుల దాకా వాడితో పాటే పోవాలి, ఆపైన సేఫ్టీ చూసుకుంటాడు. వాడు పైకి రాకపోతే బయటి రిసీవర్ లోపలికి తిరిగి ఆగే కర్ల్. అదీ లేకపోతేనే ఫ్లాట్. ఫ్లాట్ ఎప్పుడూ ఆఖరు. ఫ్లాట్‌లో పట్టుకుంటే మూడు యార్డుల దగ్గర పడేస్తాం. కర్ల్ వదిలేస్తే ఫస్ట్ డౌన్ (వాళ్లకి మళ్లీ కొత్తగా నాలుగు అవకాశాలు), సీమ్ (లోపలి రిసీవర్ నిటారుగా పోయే దారి) వదిలేస్తే స్కోరు.

పిల్లలకి ఇంత చెప్పక్కర్లేదు. "లోతు, మధ్య, పక్క." డ్రాప్‌లో ఉన్నప్పుడు పైకే అనమనండి. నోటితో అంటున్నవాడి కళ్లు అటే పోతాయి.

పాత_లైన్‌బ్యాకర్
మూడోవంతు గారి లెక్క సరే. కానీ దానికంటే ముందు మెట్టు ఒకటుంది. ఈ వయసులో పది ప్లేలకి ఏడెనిమిది పరుగులే (బంతి పట్టుకుని పరిగెత్తేవి). పాస్ డ్రాప్ బాగా అలవాటైన లైన్‌బ్యాకర్ ప్రతి స్నాప్‌కీ (బంతిని క్యూబీకి అందించి ప్లే మొదలుపెట్టడం) వెనక్కి పోతే పరుగుల మీద చిత్తు. పరుగా పాసా అన్నది ముందు తేలాలి.

లోపలివాళ్లు ఎదురుగా ఉన్న గార్డ్ (అవతలి లైన్‌లో నడిమివాడి పక్కన ఉండేవాడు) హెల్మెట్ని చూడాలి, బయటివాళ్లు తమ వైపు టాకిల్‌ని (గార్డ్ పక్కన, లైన్ చివర ఉండేవాడిని). హెల్మెట్ వంగి ముందుకొస్తే పరుగు, లేచి వెనక్కి కూర్చుంటే పాస్. స్నాప్ అవగానే ఉన్నచోటే ఒక చిన్న అడుగు, అంతే, ముందుకీ కాదు వెనక్కీ కాదు. ఆ ఒక్క అడుగు సమయంలో హెల్మెట్ కనబడిపోతుంది. "పాస్! పాస్!" అని మొదట చూసినవాడు అరవాలి, విన్నవాడు మళ్లీ అరవాలి.

ప్లే యాక్షన్‌కి (పరుగులా నటించి పాస్ వేయడం) మోసపోతున్నారంటే బ్యాక్‌ఫీల్డ్‌లో (లైన్ వెనక, క్యూబీ ఉండే చోట) బంతిని చూస్తున్నారని అర్థం. బంతిని దాచడం క్యూబీ పని. గార్డ్ దాచలేడు. ఐదుగురు లైన్‌మెన్ పాస్ ప్లేలో రెండు యార్డులు దాటి ముందుకి రాకూడదు, అందుకని వాళ్ల కదలిక నమ్మదగ్గ సాక్ష్యం.

డ్రాప్ కూడా చాలామంది తప్పుగా నేర్పుతారు. లైన్‌బ్యాకర్ వెనక్కి వెనక్కి నడవకూడదు (బ్యాక్‌పెడల్ కార్నర్లకి, సేఫ్టీలకి). తుంటి తిప్పి, ఒక కాలు రెండో కాలి మీంచి దాటించి, పక్కవాటుగా పరిగెత్తాలి, తల మాత్రం క్యూబీ వైపే. మూడు లేదా నాలుగు అడుగుల్లో 4 యార్డుల లోతు నుంచి 7కి చేరతాడు. క్యూబీ ఆగితే తనూ ఆగాలి. 7 యార్డులకి ఇంకా చేరలేదే అని క్యూబీ బంతి ఎత్తాక కూడా వెనక్కి పరిగెత్తేవాడు ఉన్నా లేనట్టే. ఆగినప్పుడు మడమలు నేలకి ఆనకూడదు, పాదాలు భుజాల వెడల్పుకి మించకూడదు. వెడల్పుగా దిగబడి ఆగినవాడు కదలాలంటే ముందు కాళ్లు దగ్గరికి లాక్కోవాలి. అక్కడ పోయే సమయం మళ్లీ రాదు.

జీబ్రా_చొక్కా
రెఫరీ వైపు నుంచి చిన్న సవరణ. లైన్‌మెన్ రెండు యార్డుల మాట నిజమే, కానీ పాస్ న్యూట్రల్ జోన్ (రెండు జట్ల లైన్ల మధ్య సందు) దాటకపోతే ఆ నిబంధన వర్తించదు. స్క్రీన్ పాస్‌లో (లైన్ వెనకే వేసే చిన్న పాస్) గార్డులు దర్జాగా ముందుకొస్తారు. గార్డ్ ముందు లేచి, తర్వాత పక్కకి జారుతుంటే "స్క్రీన్" అని అరవమనండి.

ఇంకో మాట. పిల్లలు టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్ చూసి "ఐదు యార్డుల లోపు తొయ్యొచ్చు" అనుకుంటారు. హైస్కూల్ రూల్‌బుక్ వాడే లీగుల్లో ఐదు యార్డుల గీత లేదు. రిసీవర్ ఎదురుగా వస్తున్నంతసేపు, అంటే బ్లాక్ చేసే అవకాశం ఉన్నంతసేపు, చేతులు వేయొచ్చు. సమానంగా వచ్చేశాడా, పక్కకి పోతున్నాడా, ఇక తాకితే 10 యార్డుల పెనాల్టీ. బంతి గాల్లోకి లేచాక తాకితే ఇంటర్‌ఫియరెన్స్, 15. "సీమ్ రిసీవర్ దారిలో ఉండు" అని చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పండి, లేకపోతే చెయ్యి పట్టుకుని వేలాడతారు.

కార్నర్_21
కార్నర్ల గురించి నేను చెప్తాను.

మనవాళ్ల పిల్లలకి అయితే క్రికెట్‌తో చెబితే టక్కున ఎక్కుతుంది. లోతున కార్నర్ అంటే బౌండరీ ఫీల్డర్. ముందు పడితే సింగిల్, నెత్తి మీంచి పోతే సిక్సర్. సింగిల్‌కి ఏడవకూడదు.

నిలబడేది రిసీవర్‌కి 7 యార్డుల దూరంలో. లోపలా బయటా అన్నది పక్కగీతని బట్టి. మైదానం మీద నంబర్ల పైఅంచు పక్కగీతకి 9 యార్డుల దూరంలో ఉంటుంది. రిసీవర్ దానికి బయట ఉంటే కార్నర్ లోపలి పక్కకి, ఎందుకంటే బయట గీతే కాపలా. రిసీవర్ నంబర్లకి లోపల ఉంటే కార్నర్ బయటి పక్కకి ఒక యార్డు.

స్నాప్ అయ్యాక మూడు నిదానమైన బ్యాక్‌పెడల్ అడుగులు. చాలామంది పిల్లలు మొదటి అడుగే ఛాతీ పైకెత్తి పెద్దది వేస్తారు, అక్కడే బరువు మడమల మీదికి పోతుంది. గడ్డం బొటనవేళ్ల మీదికి వచ్చేలా వంగి ఉండాలి. దూరం 7 నుంచి 3కి తగ్గే లోపు తుంటి తిప్పి పరుగు మొదలుపెట్టాలి. 3 కంటే దగ్గరికి రానిచ్చాక తిరిగితే రిసీవర్ దాటేస్తాడు, ఎంత వేగంగా ఉన్నా సరే.

తిరగడం ఎటు? లోపలికి. వీపు పక్కగీత వైపు, ముఖం క్యూబీ వైపు. మ్యాన్‌లో (జోన్ కాకుండా తలా ఒక రిసీవర్ని కాసే పద్ధతి) అలవాటున్న పిల్లాడు రిసీవర్ వైపు తిరిగి క్యూబీకి వీపు పెడతాడు. అప్పుడు వాడు ఆడేది జోన్ కాదు, పేరుకే. లోపలికి తిరిగినవాడికి క్యూబీ, లోపలి రిసీవర్ ఇద్దరూ కనబడతారు. తన రిసీవర్ ఆగిపోయి, లోపలివాడు మూలకి పరిగెత్తుకొస్తుంటే, అప్పుడు లోతున తన మూడో వంతులోకి వచ్చేది వాడే.

పైకి దూకే జబ్బుకి మందు ఒక్కటే: బంతి క్యూబీ చెయ్యి వదిలేదాకా కార్నర్ ముందడుగు వేయకూడదు. ప్రాక్టీస్‌లో హిచ్ పూర్తయితే ఏమీ అనకండి. బంతి నెత్తి మీంచి వెనక్కి పోతే మాత్రం ఆట ఆపండి. కోచ్ హిచ్‌కి కూడా అరుస్తుంటే పిల్లాడు ఆ అరుపుకి భయపడి పైకొస్తాడు. సగం తప్పు గట్టు మీదే ఉంటుంది.

ఎడిసన్_విజిల్
ఇంత గొడవ ఎందుకండీ? మ్యాన్ పెట్టేస్తే పోతుంది కదా. "వాడు నీవాడు, వదలకు" అంటే ఎనిమిదేళ్లవాడికైనా అర్థమవుతుంది.

పాత_లైన్‌బ్యాకర్
అర్థం కావడానికి మ్యానే తేలిక బ్రదర్, కాదనను. ఆడటానికి? మీ దగ్గర నెమ్మదైన కార్నర్ ఒకడుంటే అవతలి కోచ్ రెండో ప్లేకే కనిపెడతాడు, ఇక ఆట మొత్తం అక్కడికే. జోన్‌లో వాడికి 7 యార్డుల ముందస్తు ఉంది. పైగా మ్యాన్‌లో ఏడుగురి వీపులూ క్యూబీ వైపే. క్యూబీ పాస్ వేయలేక పరిగెత్తితే 15 యార్డులు పోయేదాకా ఎవరికీ తెలీదు. ఈ వయసులో పాస్ ప్లేల్లో పెద్ద నష్టం చాలాసార్లు అక్కడే.

మీరన్నదాంట్లో నిజమూ ఉంది. గోల్‌కి 5 యార్డుల దగ్గర నేనైతే మ్యానే ఆడతాను. అక్కడ లోతే లేదు, మూడో వంతు పెట్టి ఏం చేస్తాం.

కేరీ_నాన్న
చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. డ్రిల్స్ కొంచెం వివరంగా చెప్తారా? పాస్ డిఫెన్స్‌కి దొరికేది రోజుకి 20 నిమిషాలే.

మూడోవంతు
20 చాలు. నాలుగు ముక్కలు చేయండి.

మొదటి 4 నిమిషాలు రిసీవర్లు వద్దు. వెనక ఏడుగురూ తమ చోట్లలో, మీరు క్యూబీ చోట బంతితో. "స్నాప్" అనగానే డ్రాప్. మీరు ఎడమ భుజం అటు తిప్పితే ఏడుగురూ అటు రెండడుగులు. కుడికి తిప్పితే ఇటు. తర్వాత ఎక్కడికో ఒకచోటికి వేయండి. బంతి నేలకి తగిలేసరికి ఏడుగురిలో ఎంతమంది దానికి 5 యార్డుల లోపు ఉన్నారో గట్టిగా లెక్కపెట్టండి. మొదటి వారం ఇద్దరే ఉంటారు, ఫర్వాలేదు. పట్టుకున్నవాడు "ఆస్కీ" (బంతి మనకి దొరికిందని సంకేతం) అని అరవాలి, మిగతావాళ్లు అప్పటికప్పుడు బ్లాకర్లయిపోవాలి.

తర్వాత 6 నిమిషాలు విడివిడిగా. మీకు 8 యార్డుల దూరంలో ఇద్దరు రిసీవర్లు, మధ్య 12 యార్డుల ఎడం, కదలకుండా నిలబడతారు. డిఫెండర్ సరిగ్గా నడుమ, వాళ్లకంటే 3 యార్డులు వెనక. ఎవరి వైపు వేసినా వాడు పోవాల్సింది ఆరున్నర, ఏడు యార్డులు, అంటే మ్యాచ్‌లో తన జోన్ అంచుకి ఉండే దూరమే. మొదట భుజం స్పష్టంగా తిప్పి నిదానంగా వేయండి. ఇక్కడ రెండు తప్పులు వస్తాయి. ఒకటి, పిల్లాడు అడ్డంగా రిసీవర్ వైపు పరిగెడతాడు, తీరా చేరేసరికి రిసీవర్ వీపు వెనకుంటాడు. ముందుకి వాలుగా, బంతి చేరే బిందువుకి పోవాలి. రెండోది, దూకేముందు వెనక కాలు ఇంకా వెనక్కి వేస్తాడు. ఆ దొంగ అడుగుతో ఒక యార్డు పోతుంది. వెనక కాలు ఉన్నచోటే నేలని తన్ని లేవాలి. రెండో వారం నుంచి పంప్ ఫేక్ (విసిరినట్టు నటించి ఆగడం) కలపండి.

మూడోది 4 నిమిషాలు, బయటి లైన్‌బ్యాకర్లకి మాత్రమే. ఒక రిసీవర్ 3 యార్డుల లోతున ఫ్లాట్‌లో, ఇంకొకడు 9 యార్డుల దగ్గర కర్ల్‌లో. డిఫెండర్ 7 దగ్గర. ఫ్లాట్‌కి బంతి లేచాకే పైకి రావాలి, రిసీవర్ పట్టుకున్నాక 3 యార్డులకి మించి పోనివ్వకూడదు. ముందే పైకొస్తే కర్ల్‌కి వేసేయండి. రెండుసార్లు వేస్తే మూడోసారి రాడు.

మిగిలిన 6 నిమిషాలు సగం మైదానం: కార్నర్, బయటి లైన్‌బ్యాకర్, హుక్, సేఫ్టీ, ఎదురుగా ఇద్దరు రిసీవర్లు ఒక బ్యాక్. 3 సెకన్లకి విజిల్. దానికంటే ఎక్కువసేపు క్యూబీ నిలబడగలిగితే ఏ జోనూ నిలవదు, అది రష్ చేసేవాళ్ల (క్యూబీ మీదికి ఉరికేవాళ్ల) లోటు. ఆ నింద వెనకవాళ్ల మీద వేయకండి.

కార్నర్_21
ఆ ఆఖరి ముక్కలో ఏ రూట్లు పెట్టాలో కూడా చెప్పాలి. కవర్ 3ని కొట్టేవి రెండే ముఖ్యం. నాలుగు వెర్టికల్స్, ఫ్లడ్.

నలుగురు నిటారుగా పోతే లోతున మనవాళ్లు ముగ్గురే. లోపలి ఇద్దరి మధ్య సేఫ్టీ ఒంటరి. అందుకే బయటి లైన్‌బ్యాకర్లు లోపలి రిసీవర్లతో 12 యార్డుల దాకా పోవాలి. ఊరికే పక్కన పరిగెడితే చాలు, క్యూబీ ఆ పాస్‌ని వాళ్ల తల మీంచి ఎత్తి వేయాలి, ఎత్తి వేసిన బంతి ఆలస్యంగా దిగుతుంది, ఆ ఆలస్యంలో సేఫ్టీ వస్తాడు. సేఫ్టీ 10-12 యార్డుల లోతున మొదలై, లోపలి ఇద్దరికీ సమాన దూరంలో ఉండి, భుజం తిరిగేదాకా ఎవరి వైపూ వాలకూడదు.

ఫ్లడ్ అంటే ఒకే పక్కకి ముగ్గురు, మూడు లోతుల్లో. దాంతో పాటు క్యూబీ కూడా అటే దొర్లుకుంటూ వస్తాడు. కార్నర్ లోతైనవాడితో, బయటి లైన్‌బ్యాకర్ మధ్యవాడి కింద, హుక్ పరిగెత్తుకొచ్చి ఫ్లాట్‌కి. లైన్‌బ్యాకర్ క్యూబీని చూసి పైకి దూకాడా, మధ్యవాడు ఖాళీ. క్యూబీ స్క్రిమేజ్ గీత (ప్లే మొదలైన గీత) దాటేదాకా లైన్‌బ్యాకర్ రాకూడదు. దాటాక పాస్ వేయడం చట్టవిరుద్ధం కాబట్టి అప్పుడు నిశ్చింతగా రావచ్చు.

బంతి హ్యాష్ (మైదానం పొడవునా ఉండే చిన్న గీతల వరుస) మీద ఉన్నప్పుడు ఇంకో తేడా. హైస్కూల్ మైదానంలో హ్యాష్‌లు వెడల్పుని సరిగ్గా మూడు వంతులు చేస్తాయి, ఒక్కోటి 53 అడుగుల 4 అంగుళాలు. ఒక పక్క దాదాపు 18 యార్డులు, అవతల 35న్నర. వెడల్పు వైపు లైన్‌బ్యాకర్ని స్నాప్‌కి ముందే రెండు యార్డులు బయటికి జరపండి. సేఫ్టీని మాత్రం మైదానం నడిమధ్యకి పంపకండి, రిసీవర్ల నడిమధ్యకి పంపండి. అవతలి పక్కగీత దగ్గరికి లోతుగా వేయగల చెయ్యి ఈ వయసులో అరుదు.

జెండా_అమ్మ
నాదో ప్రశ్న. మాది అమ్మాయిల ఫ్లాగ్ (పడేయకుండా నడుముకున్న జెండా లాగి ఆపే ఆట), 5 మంది, వెడల్పు 25 యార్డులు. ఇవన్నీ మాకు పనికొస్తాయా? ముగ్గురు ముందు, ఒకరు వెనక పెడుతున్నాం.

మూడోవంతు
కళ్ల సంగతంతా పనికొస్తుంది మేడమ్, డ్రాప్ లోతులు పనికిరావు. రష్ చేసే అమ్మాయి 7 యార్డుల వెనక నుంచి రావాలి, అంటే కవరేజ్‌కి నలుగురు. ముందు ముగ్గురుంటే తలా 8 యార్డుల వెడల్పు, మధ్య నుంచి అంచుకి 4 యార్డులే. చిన్న పాస్‌లకి గోడ. కానీ వెనక ఒక్కతే 25 యార్డులు చూడాలి. ఇద్దరు రిసీవర్లు చెరో పక్కనా లోతుకి పోతే ఆ అమ్మాయి ఏం చేయగలదు? అంచున ఉన్న ఇద్దరికీ ఒక షరతు పెట్టండి: నీ పక్కగీత వెంట ఎవరైనా నిన్ను దాటి పోతుంటే నువ్వూ పో. అవతలి క్యూబీకి మంచి చెయ్యి ఉంటే మాత్రం 2-2కి మారండి, వెనక ఇద్దరికీ తలా పన్నెండున్నర.

దారికి అడ్డంగా నిలబడి ఆపడం ఫ్లాగ్‌లో కుదరదు, తాకితే పెనాల్టీ. ఎండ్ జోన్‌కి ముందు 5 యార్డుల్లో పరుగు నిషేధం ఉన్న లీగ్ అయితే అక్కడ పాస్ ఖాయం. ఎండ్ జోన్ 10 యార్డులు కలిపినా లోతు 15కి మించదు, వెనకున్న అమ్మాయి గోల్ గీతకి 5 యార్డుల వెనక నిలబడితే సరి.

అన్నట్టు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మీ ఆటే ఉంది, అబ్బాయిలకీ అమ్మాయిలకీ. ఆ నిర్ణయం జరిగింది ముంబైలోనే, 2023 అక్టోబరులో. మాలాంటి టాకిల్ వాళ్లకి ఆ భాగ్యం లేదు.

కేరీ_నాన్న
ఆఖరి ప్రశ్న. కోన్లు తీసేయాలా మరి?

పాత_లైన్‌బ్యాకర్
రెండో వారం నుంచి తీసేయండి. మ్యాచ్‌లో కోన్లు ఉండవు, గీతలుంటాయి. బయటి లైన్‌బ్యాకర్ డ్రాప్ మొదటి గురి: బంతి మధ్యలో ఉంటే నంబర్ల పైఅంచుకి మూడు నాలుగు యార్డుల లోపల. హుక్‌కి తన పక్క హ్యాష్. సేఫ్టీకి రెండు హ్యాష్‌ల నడుమ. కార్నర్‌కి నంబర్లు. పిల్లాడు వెనక్కి వెళ్తూ కిందికి చూసి వెతుక్కోకూడదు, స్నాప్‌కి ముందే ఒకసారి వేలితో చూపించాలి. చూపించకపోతే స్నాప్ ఆపి అడగండి.

వర్షం పడ్డ రోజు 7కి బదులు 5 యార్డులే వెళ్లమనండి. తడి బంతి అంత దూరం పోదు, తడి గడ్డిలో దూకడానికి కాలూ ఆనదు.